ఏడాది మౌనం పట్టిన తల్లి

సంవత్సరం శశయానా బ్రాహ్మణా వ్రతచారిణః
వాచం పర్జన్యజిన్వితాం ప్ర మండూకా అవాదిషుః

ఋగ్వేదం ఏడో మండలంలో 103వ సూక్తం. వాన కోరి వసిష్ఠుడు వానదేవుడైన పర్జన్యుణ్ణి స్తుతిస్తుంటే కప్పలు వంత పలికాయనీ, మురిసిపోయిన మహర్షి వాటినే స్తుతించాడనీ యాస్కుడు వేదపదాలకు అర్థం చెప్పే తన నిరుక్తంలో చెప్పాడు. కప్పకి పది మంత్రాలు!

అందరూ ఇందులో బెకబెకలనే పట్టుకుంటారు. నా మనసు మాత్రం 'శశయానా' దగ్గరే ఆగిపోతుంది. ఏడాది పొడుగునా వ్రతం పట్టిన బ్రాహ్మణుల్లా పడి ఉన్నాయట. రెండో మంత్రంలో ఋషి ఇంకా దగ్గరికి వంగి చూశాడు: 'దృతిం న శుష్కం', ఎండిన తోలుతిత్తిలా ఉంది కప్ప. నీళ్ళు నింపుకోవాల్సిన తిత్తి, నీళ్ళు లేక ముడుచుకుపోయింది. అయినా చెరువుని వదిలిపోలేదు. దివ్యజలాలు దిగివచ్చి తాకాకే నోరు విప్పింది. ఆ వాక్కూ తనది కాదు, పర్జన్యుడు కదిలిస్తే కదిలింది. మనమేమో పదకొండు రోజులు జపం చేసి, పన్నెండో రోజు ఆకాశాన్ని చూసి విసుక్కుంటాం.

చిన్నప్పుడు మా నాయనమ్మ వాళ్ళ ఊళ్ళో వాన కోసం కప్పతల్లి ఆడేవాళ్ళం. తడిగుడ్డలో కప్పను వదులుగా కట్టి, రోకలికి వేలాడదీసి, వేపమండలు చుట్టి ఇద్దరం భుజాన మోసేవాళ్ళం. గడప గడపకీ బిందెడు నీళ్ళు పోసేవారు. నాయనమ్మ మాత్రం రెండిళ్ళకోసారి మూట విప్పించేది. "ఊపిరాడుతోందేమో చూడండ్రా. ఆ తల్లి ఉసురు పోసుకుంటే వానెక్కడిది?" కప్పను చెరువు గట్టున తడిమట్టిలో వదిలి దండం పెట్టాకే, పోగైన బియ్యం పొయ్యెక్కేది.

పోయినేడు ఒక ఊళ్ళో చూశాను. ప్లాస్టిక్ తాడుతో కాళ్ళు బిగించారు. డీజే మోత. ఫోటోల కోసం ఎండలో నిలబెట్టారు. మూడో వీధికే కప్ప కదలడం మానేసింది. "ఇంకోటి తెస్తాంలెండి" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సూక్తం చివరి మంత్రంలో 'ప్ర తిరంత ఆయుః' అని ఉంది. మా ఆయుష్షు పెంచండని ఋషి అడిగింది ఈ కప్పలనే కదా!

ఆ బిందెడు నీళ్ళు అభిషేకం నాయనా. ఏడాది దీక్ష పూర్తయిన వ్రతికి చేయించే స్నానం. అభిషేకం చేస్తూ మూర్తిని నలిపేస్తామా?

చేతులు జోడించి అడుగుతున్నాను. ఈ ఏడు ఆడేవాళ్ళు తాడు కట్టకండి, తడిగుడ్డ చాలు. కప్ప చర్మంతో కూడా ఊపిరి పీలుస్తుంది, పసుపు కుంకుమలు దాని ఒంటికి కాదు, రోకలికి పెట్టండి. మట్టితో కప్పను చేసి మోసినా తల్లి కాదనదు. ప్రాణమున్నదాన్నే మోస్తామంటే, గంటలోపు చెరువులో వదిలే పని ఇంట్లో పెద్దావిడకి అప్పగించండి. ఆవిడ వచ్చి "వదిలానర్రా" అన్నాకే వంట మొదలుపెట్టండి.