నీకెట్ల తెలుసమ్మా?

పదకొండు దాటింది. గిన్నెలు ఇంకా తోమలేదు. ఇది రాస్తే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు.

పరీక్షలు అయిపోయిన దగ్గర్నుంచి పెద్దోడు ఒక జైలు సిరీస్ పట్టుకున్నాడు. రోజూ రాత్రి అన్నాలయ్యాక అదే. వాడు పెడితే ఆయన కూర్చుంటారు, ఆయన కూర్చుంటే అత్తమ్మ కూడా. ఈరోజు నేనూ గోకరకాయలు ముందేసుకుని కూర్చున్నాను. తెర మీద అందరికీ చారల బట్టలు, ఛాతీ మీద నంబర్లు. ఎవరి కేసూ ఇంకా తేలలేదు, అయినా అందరికీ అవే బట్టలు. పది నిమిషాలకోసారి కొట్లాట. అన్నం ప్లేట్లతో తలలు పగలగొట్టుకుంటున్నారు. సొరంగం తవ్వుతున్నారు.

అప్పుడు పెద్దోడు అన్నాడు: "యావజ్జీవం అంటే పద్నాలుగేండ్లే. పగలొక రోజు, రాత్రొక రోజు లెక్క. ఏడేండ్లకు బయటికొస్తరు."

"అవును, అట్లనే అంటరు" అన్నారు ఆయన.

ఇంత చదువుకున్న ఇంట్లో కూడా ఈ మాటేనా అని నాకు ఒక్కసారి కోపం వచ్చింది. కాదని చెప్పాను. యావజ్జీవం అంటే ప్రాణం ఉన్నంత వరకు. జైల్లో కూడా రోజంటే పగలూ రాత్రీ కలిపి ఒక్కటే. పద్నాలుగేళ్ళనేది హత్యలాంటి కేసుల్లో అంతకన్నా ముందు ప్రభుత్వం వదలకూడదని పెట్టిన హద్దు. అది దాటగానే తలుపు తీస్తారని కాదు. ఇంకోటి, రిమాండ్‌లో ఉన్నవాళ్ళకు జైలు బట్టలుండవు, ఇంటి బట్టలే వేసుకుంటారు.

పెద్దోడు టీవీ మీద నుంచి కళ్ళు తిప్పకుండానే "నీకెట్ల తెలుసమ్మా?" అన్నాడు.

నేను ఏమీ అనలేదు. గోకరకాయల గిన్నె తీసుకుని వంటింట్లోకి వచ్చేశాను. ఆయనకు తెలుసు. ఆయన కూడా ఏమీ అనలేదు.

1996. సంక్రాంతి అయిన వారానికి బాపమ్మ (నానమ్మ) నన్ను వెంటబెట్టుకుని జైల్లో ఉన్న చిన్నబాపు (బాబాయి) ములాఖత్‌కు పోయింది. నాకప్పుడు పదేళ్ళు. గెట్టు పంచాయితీ అది. రెండు సాళ్ళ భూమి కోసం మొదలై కేసు దాకా పోయింది. ఏ జైలో ఇక్కడ రాయను, చిన్నమ్మకు ఇష్టం ఉండదు. తెల్లారి నాలుగింటికి లేచి మొదటి బస్సు ఎక్కితే, పేరు రాయించుకుని గోడ నీడలో కూర్చునేసరికి ఎండ ఎక్కింది. ఆ గోడ దగ్గర ఎంతమంది ఆడవాళ్ళో. చంకలో పిల్లలు, చేతుల్లో గుడ్డ సంచులు. ఎవరూ ఏడవడం లేదు. ఒకామె పళ్ళపొడి కొనుక్కొచ్చింది, ఇంకొకామె చెప్పులు తెచ్చింది. ఏది లోపలికి పోనిస్తారు, ఏది పోనివ్వరు అని ఒకరినొకరు అడుగుతున్నారు.

బాపమ్మ సకినాలు తెచ్చింది. తనిఖీ చేసే ఆయన ఒక్కో సకినాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పుటుక్కున విరిచి చూశాడు. లోపల ఏమైనా పెట్టారేమోనని. ఆయన తప్పేం లేదు, "ఏమనుకోకమ్మా, చూడాల్సిందే" అని కూడా అన్నాడు. కానీ బాపమ్మ వాటిని ఒక్కతే రెండు రాత్రులు కూర్చుని చుట్టింది. ఒక్కటీ విరగకుండా అరిటాకు ముక్కల మధ్య పేర్చి, బస్సులో ఒళ్ళోనే పెట్టుకుని తెచ్చింది. అన్నీ ముక్కలయ్యాక సంచి అడుగున పడ్డ నువ్వుల్ని కూడా దులిపి డబ్బాలో వేసింది. నా చేతి మీద ఊదా రంగు ముద్ర వేశారు. బయటికి వచ్చేటప్పుడు అది ఉంటేనే వదులుతారట.

లోపల రెండు జాలీలు, మధ్యన మూరెడు సందు. అటు పదిమంది, ఇటు పదిమంది. అందరూ ఒకేసారి అరుస్తున్నారు. చిన్నబాపు తన గళ్ళ చొక్కాలోనే ఉన్నాడు. ఏదో అడిగాడు. "ఆఁ?" అంది బాపమ్మ. మళ్ళీ అడిగాడు. మూడోసారికి నాకు వినపడింది. "ఎద్దు కాలు ఎట్లుంది?" అని.

అంతే, టైం అయిపోయిందన్నారు.

ఆ ముద్ర మూడు రోజులు పోలేదు. బడిలో ఆ చేతిని పుస్తకాల సంచి కింద పెట్టుకుని కూర్చున్నాను. ఇసుకతో రుద్దాను, చింతపండుతో రుద్దాను.

చిన్నబాపుకు బెయిల్ వచ్చాక కూడా జమానతు (పూచీ) ఇచ్చేవాళ్ళు దొరక్క పంతొమ్మిది రోజులు లోపలే ఉండాల్సి వచ్చింది. మూడేళ్ళకు కేసు కొట్టేశారు. ఇప్పటికీ అదే తీరు. జాతీయ నేర రికార్డుల సంస్థ ఎన్‌సీఆర్‌బీ 2022 లెక్క చూశాను: దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నలుగురిలో ముగ్గురి నేరం ఇంకా రుజువు కాలేదన్నమాట. వాళ్ళు తవ్వేది సొరంగం కాదు, వాయిదా కోసం ఎదురుచూస్తున్నారు. ఏ సిరీస్‌లోనైనా జమానతు దొరకని మనిషి కనిపించాడా?

ఇక్కడిదాకా రాసి లేచి గిన్నెలు తోమి వచ్చాను. తోముతుంటే పోయిన దసరా గుర్తొచ్చింది.

చిన్నబాపు వచ్చినప్పుడు టీవీలో ఏదో పాత సినిమాలో జైలు కొట్లాట వస్తోంది. ఆయన కుర్చీ ముందుకు లాక్కుని మరీ చూశాడు. హీరో కొడితే "అద్దీ!" అన్నాడు. పిల్లలు నీళ్ళకు లేచినప్పుడు మెల్లగా అడిగాను, "నీకు కోపం రాదా, అట్లనే ఉంటదా లోపల?" అని.

"అట్లుంటే మంచిగుండు బిడ్డా, జర పొద్దన్న పోవు" అన్నాడు. తర్వాత చెప్పాడు: సాయంత్రం వెలుగుండగానే లెక్కపెట్టి తాళం వేస్తారట. అప్పటినుంచి తెల్లారేదాకా బ్యారక్‌లో నలభై మందీ పైకప్పు చూస్తూ పడుకోవడమేనట. మొదటి వారం భయమైందట, తర్వాత ఏమీ కాలేదట. ఆ ఏమీ కాకపోవడమే ఎక్కువ కష్టమైందట.

కాబట్టి సిరీస్ తీసినవాళ్ళ మీద కోపం తెచ్చుకుని లాభం లేదేమో. ఏమీ జరగని పూటను ఎట్లా చూపిస్తారు, ఎవరు చూస్తారు? లోపల ఉండి వచ్చిన మనిషే ఆ కొట్లాట చూసి సంబరపడితే కాదనడానికి నేనెవర్ని? కానీ గోడ బయట కూర్చున్న ఆడవాళ్ళను ఒక్కసారి చూపించవచ్చు కదా. దానికి సొరంగమంత ఖర్చు కూడా కాదు.

మొన్న వరంగల్‌లో ఎంజీఎం ఆస్పత్రి దిక్కు పోతుంటే చిన్నది ఆ 24 అంతస్తుల ఆస్పత్రి బిల్డింగ్ చూసి నోరు తెరిచింది. నిజాం కాలం నాటి సెంట్రల్ జైలు ఉన్న జాగా అది, 2021లో కూలగొట్టారు. ఖైదీలను వేరే జైళ్ళకు పంపించేశారు. "ఇక్కడ జైలుండె" అని చెప్పాను. "అయితే దొంగలంతా యాడికి పోయిన్రు?" అంది. దొంగలు అన్న మాట దగ్గర ఆగిపోయాను. అప్పుడూ ఏమీ చెప్పలేదు.

రెండుసార్లయింది.

రేపు చిన్నబాపుకు ఫోన్ చేసి అడగాలి, పిల్లలకు చెప్పొచ్చా అని. ఏడు లోపే చెయ్యాలి. పొలం కాడికి పోతే ఫోన్ ఎత్తడు.