గ్లాసు నింపేదెవరు, లెక్క పెట్టేదెవరు

కొలోన్‌లో బీరు ఆర్డర్ చెయ్యక్కర్లేదు. జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉన్న ఊరు అది, అక్కడి పాత బీరు హాళ్ళలోకి వెళ్ళి కూర్చుంటే చాలు, నీలం బట్టల్లో ఒక మనిషి వచ్చి ఏమీ అడక్కుండా సన్నగా పొడుగ్గా ఉన్న గ్లాసు ఒకటి ముందు పెట్టేసి పోతాడు. బీరు పేరు కోల్ష్, గ్లాసులో పట్టేది 200 మిల్లీలీటర్లే, తెచ్చినాయన్ని కోబెస్ అంటారు. ఆయన చేతిలో ట్రే కూడా వేరే రకం, గుండ్రంగా ఉండి గ్లాసులు సరిగ్గా దిగేలా చుట్టూ గుంతలు ఉంటాయి, మధ్యలో పట్టుకోడానికి నిలువు పిడి. మన గ్లాసు ఖాళీ అయిందా, అది తీసి నిండుది పెట్టి, గ్లాసు కింద ఉండే అట్టబిళ్ళ మీద పెన్సిల్‌తో ఒక గీత గీసి పక్క టేబుల్‌కి వెళ్ళిపోతాడు. ఇంక చాలు అనుకుంటే ఆ అట్టబిళ్ళ తీసి గ్లాసు మీద మూత పెట్టాలి, అది చేసేదాకా వస్తూనే ఉంటుంది. లేచేటప్పుడు గీతలు లెక్కపెట్టి డబ్బులు కట్టడమే.

ఉద్యోగం పుణ్యమా అని కొన్ని దేశాల్లో ఉన్నాను, కొన్నిటికి పోయొచ్చాను. ప్రతి చోటా బీరు రుచి కంటే నేను ఎక్కువ గమనించేది ఈ రెండే, గ్లాసు ఎవరు నింపుతున్నారు, లెక్క ఎవరు పెడుతున్నారు. ఈ రెండూ తెలిస్తే ఆ ఊరి జనానికి మందుతో ఎలాంటి సంబంధం ఉందో చాలావరకు అర్థమైపోతుందని నా నమ్మకం.

చెక్ దేశం రాజధాని ప్రాగ్‌లో లెక్క అట్ట మీద కాదు, సన్నటి కాగితం ముక్క మీద. అది టేబుల్ మీదే మన కళ్ళ ముందే ఉంటుంది, అర లీటర్ గ్లాసు వచ్చినప్పుడల్లా ఇంకో గీత. చెక్ వాళ్ళు మనిషికి ఏడాదికి 120 లీటర్ల పైనే తాగుతారు, ఎన్నో ఏళ్ళుగా ప్రపంచంలో ఫస్ట్ ప్లేస్ వాళ్ళదే. మనం బీరు అనగానే తలుచుకునే ఆ బంగారం రంగు కూడా వాళ్ళ దేశంలోని పిల్సెన్‌లోనే పుట్టింది, 1842లో ఇప్పటి జర్మనీలోని బవేరియా నుంచి వచ్చిన యోసెఫ్ గ్రోల్ అనే బ్రూవర్ చేశాడు, ఇవాళ మన కింగ్‌ఫిషర్ దాకా లైట్ కలర్ లాగర్ బీర్లన్నీ ఆ వంశమే.

నాకు అక్కడ బాగా నచ్చింది నురగ. మన దగ్గర గ్లాసు వంచి నురగ రాకుండా పోసేవాడే మొనగాడు, కొంచెం నురగ పొంగితే చాలు "అరె సగం బీరు వేస్ట్ చేసినవ్" అంటారు. అక్కడ పోసేవాడు ముందు గ్లాసుని చల్లటి నీళ్ళలో ముంచి తీస్తాడు, కొళాయి పిడిని పక్కకి తిప్పి ముందు నురగే పట్టిస్తాడు, చిక్కగా తడిగా ఉండే నురగ, తర్వాత దాని కింద నుంచి బీరు ఎక్కుతుంది. చివరికి పైన మూడు వేళ్ళ మందం నురగ నిలవాలి, ఆ నురగే కింద బీరులో గ్యాస్ పోకుండా, గాలి తగలకుండా కాపాడుతుంది. గ్లాసు మొత్తం నురగే పోసి ఇచ్చే రకం కూడా ఉంది, దాన్ని వాళ్ళు పాలు అంటారు. ఆ నురగ కరిగేలోపు గబగబా తాగెయ్యాలి. నాకు ఇచ్చినప్పుడు మోసం చేస్తున్నారేమో అనుకున్నా, నోట్లో పెట్టుకుంటే తియ్యగా మెత్తగా ఉంది, చేదు జాడే లేదు.

జపాన్‌లో పద్ధతి పూర్తిగా వేరు. ఆఫీస్ వాళ్ళతో డిన్నర్‌కి వెళ్తే అందరికీ ముందు బీరే, మెనూ తర్వాత చూసుకుంటారు. అందరూ కలిసి కంపాయ్, అంటే చీర్స్, అనేదాకా ఎవరూ ముట్టరు. పెద్ద సీసా మధ్యలో ఉంటుంది, గ్లాసులు చిన్నవి, ఎవరి గ్లాసు వాళ్ళు నింపుకోరు. పక్కవాళ్ళది మనం నింపాలి, మనది వాళ్ళు నింపుతారు, పెద్దవాళ్ళకి పోసేటప్పుడు సీసా రెండు చేతులతో పట్టుకోవాలి, లేబుల్ పైకి ఉండాలి. దీనివల్ల ఏమవుతుందంటే పక్కవాడి మీద ఒక కన్ను ఉంచాల్సిందే, గ్లాసు తగ్గిందా, మాట తగ్గిందా, మొహం ఎర్రబడిందా అని. వద్దనుకున్నవాడు గ్లాసు నిండుగా అలాగే వదిలేస్తాడు, నోరు తెరిచి వద్దు అనక్కర్లేదు.

ఇంగ్లండ్‌లో రౌండ్. నలుగురు వెళ్తే ఒకడు కౌంటర్ దగ్గరికి వెళ్ళి నలుగురికీ పైంట్లు తెస్తాడు, పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు, తర్వాత రెండోవాడి వంతు. తన వంతు వచ్చేసరికి మెల్లగా జారుకునేవాడి పేరు ఆ గుంపులో చాలా కాలం నిలిచిపోతుంది. ఈ పద్ధతిలో ఇబ్బంది ఏంటంటే ఎంతమంది ఉంటే అన్ని పైంట్లు తాగాలి, నెమ్మదిగా తాగేవాడు ఇరుక్కుపోతాడు. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడు తాగుడు తగ్గించాలని 1915లో లండన్‌లో ఏకంగా ఒకడు ఇంకొకడికి మందు కొనివ్వకూడదని ఆర్డర్ వేశారు. అంటే స్నేహితుడికి గ్లాసు కొనిస్తే నేరం!

ఆస్ట్రేలియాలో అయితే ఇంకో దారి తొక్కారు. 1916 నుంచి చాలా రాష్ట్రాల్లో పబ్బులు సాయంత్రం 6 కల్లా మూసెయ్యాలని రూల్ తెచ్చారు. మగాళ్ళు తొందరగా ఇళ్ళకి పోతారని ఆశ. జరిగింది ఏంటంటే 5కి పని అయిపోగానే పరిగెత్తి వచ్చి ఆ గంటలో ఎంత పడితే అంత గొంతులో పోసుకునేవాళ్ళు, నిలబడ్డానికి చోటు ఉండేది కాదు, గోడలకి కడుక్కోడానికి వీలుగా టైల్స్ వేసిన పబ్బులున్నాయి. న్యూ సౌత్ వేల్స్‌లో 1955 దాకా, విక్టోరియాలో 1966 దాకా ఇదే తంతు. టైం తగ్గిస్తే తాగుడు తగ్గలేదు, స్పీడ్ పెరిగింది.

ఇది చదివినప్పుడు నాకు మన వైన్స్ గుర్తొచ్చింది.

మన దగ్గర బీరు ఎలా తాగుతామో మీకు చెప్పక్కర్లేదు కానీ ఒకసారి పక్కన నిలబడి చూడండి. ఇనప జాలీ, దాని ముందు తోసుకునే చేతులు, "లైటా స్ట్రాంగా", "కూలింగ్ ఉందా", సీసాని పేపర్లో చుట్టి నల్ల కవర్లో పెట్టడం. అక్కడి నుంచి పర్మిట్ రూమ్‌కో, చెరువు కట్ట మీదికో, ఊరవతల ఎవరూ ఇల్లు కట్టని ప్లాట్లలోకో. 650 సీసా, అందులోనూ ఎక్కువ మందికి స్ట్రాంగే కావాలి, కోల్ష్‌లో ఆల్కహాల్ 5 శాతం దగ్గర ఉంటే మన స్ట్రాంగ్ 8 దాకా పోతుంది. ఎందుకంటే డబ్బులు పెట్టింది కిక్కు కోసం, కూర్చోడానికి చోటే సరిగ్గా లేనప్పుడు రుచి చూస్తూ కూర్చునేది ఎవరు? గ్లాసు మనమే నింపుకుంటాం, లెక్క ఎవరూ పెట్టరు, చీకట్లో ఖాళీ సీసాలే లెక్క.

పైగా సీసా తిరగేసి నీళ్ళ గ్లాసులో పెట్టి "గ్లిజరిన్ తీస్తున్నా" అనే పెద్దమనిషి ప్రతి సిట్టింగ్‌లో ఒకడుంటాడు. తాడులాగా కిందికి జారేది గ్లిజరిన్ కాదండీ, బీరే. నీళ్ళకంటే కాస్త బరువు కాబట్టి అలా దిగుతుంది. పులిసేటప్పుడు ఈస్ట్ వల్ల కొంచెం గ్లిజరిన్ తయారవడం నిజమే, ఏ దేశం బీరులోనైనా అంతే, అది బీరులో కలిసిపోయి ఉంటుంది, విడిగా కారదు. మంచి బీరు నీళ్ళపాలు చెయ్యకండి.

ఈ దాచుకోవడం ఊరికే రాలేదు, అది నాకు తెలుసు. సారా మన ఇళ్ళల్లో చేసిన నాశనం మామూలుది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోడానికి రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటం రాష్ట్రమంతా పాకింది, 1993లో సారా బంద్ అయింది, 1995 జనవరిలో ఎన్టీఆర్ మొత్తం మద్యనిషేధమే పెట్టారు, 1997లో చంద్రబాబు ఎత్తేశారు. మగాడి కూలి డబ్బులు సారా కొట్టుకి పోతుంటే ఆ తల్లులు చేసింది నూటికి నూరుపాళ్ళు న్యాయం, ఆ మాట ఎవరి ముందైనా అంటాను. నా బాధల్లా ఏంటంటే నిషేధం పోయాక కూడా మందుతో పాటు ఆ చాటు అలాగే మిగిలిపోయింది. ఇంట్లో వాళ్ళకి తెలియకుండా, టైం అయిపోతుందని గబగబా, ఖాళీ కడుపుతో తాగి బండి మీద ఇంటికి పోవడం మనకి మామూలైపోయింది. ఆస్ట్రేలియా 6 గంటల పబ్బుకీ మన కట్ట మీది సిట్టింగ్‌కీ నాకైతే పెద్ద తేడా కనపడదు.

కానీ మనకి వేరే పద్ధతి లేక కాదు. మాది నల్లగొండ వైపు, చిన్నప్పుడు నాయినతో మండువకి, అంటే చెట్ల కింద కల్లు తాగే చోటికి, పోయేవాణ్ణి. తాటిచెట్ల కింద నీడలో చిన్నా పెద్దా కూర్చునేవాళ్ళు, ముసలమ్మలు కూడా వచ్చేవాళ్ళు, గుడాలో (ఉడకబెట్టిన గింజలు) ఎండు చేపలో ఎవరో ఒకరు మూట విప్పేవాళ్ళు. కల్లు గీసే గౌడ మామ చెట్టు దిగి మోకు విప్పి పక్కన పెట్టి, తాటాకు మడిచి రేక చేసి చేతికిచ్చేవాడు. రేకని రెండు చేతులా పట్టుకుని నోటికి ఆనించుకోవాలి, ఆయన లొట్టి, అంటే కల్లు కుండ, వంచి పై నుంచి సన్నగా పోస్తుంటాడు. రేకని కింద పెట్టలేం, దాచుకోలేం, పోసేవాడి చెయ్యి ఆగితే తాగడం ఆగినట్టే. ఎవరికి ఎంత పొయ్యాలో మామకి తెలుసు, "ఇగ సాలు పో, పొలంకాడ నీళ్ళు పెట్టాలె గద" అని పంపించేసేవాడు. నాకు పొద్దున దించిన తియ్యటిది రెండు గుక్కలు దొరికేది. కోబెస్‌ని మొదటిసారి చూసినప్పుడు నాకు ఠక్కున తట్టింది ఆ మామే.

అమ్మా నాయినా జర్మనీ వచ్చినప్పుడు మ్యూనిక్‌లో బీరు గార్డెన్‌కి తీసుకెళ్ళాం. నాయిన తాగుతాడని నాకు తెలుసు, నేను తాగుతానని ఆయనకి తెలుసు, కానీ ఒకరి ముందు ఒకరు ఎప్పుడూ ముట్టలేదు, మన ఇళ్ళల్లో ఎవరం ముట్టం కదా. అక్కడ బీరు వాళ్ళ దగ్గరే కొనాలి, తిండి మాత్రం మనం ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు, ఆ హక్కు 1812లో బవేరియా రాజు ఇచ్చిన ఆర్డర్ నుంచి వస్తోంది. బ్రూవరీలు బీరు దాచుకునే తమ నేలమాళిగల మీద బీరు అమ్ముకోవచ్చు కానీ బ్రెడ్ తప్ప తిండి అమ్మకూడదన్నాడు, లేకపోతే హోటళ్ళ వాళ్ళ గిరాకీ పోతుందని గొడవ. ఆ చెస్ట్‌నట్ చెట్లు కూడా అందం కోసం పెట్టినవి కాదు, ఎండాకాలం నేలమాళిగలు చల్లగా ఉండాలని నీడకి పెట్టారు, వేళ్ళు లోతుకి పోవు కాబట్టి కింద కట్టడానికి దెబ్బ ఉండదు.

మా ఆవిడ పులిహోర, చికెన్ ఫ్రై డబ్బాలు విప్పింది, పిల్లలు పక్కన ఇసుకలో ఆడుతున్నారు, పక్క టేబుల్ మీద ఒక జర్మన్ ముసలాయన మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని లీటర్ మగ్గు తాగుతున్నాడు. నాయిన చాలాసేపు ఆయన్నే చూసి, "పిల్లల ముంగట్నే తాగుతున్రు గదరా" అన్నాడు. కాసేపయ్యాక నా వైపు చూడకుండానే "నాక్కూడ ఒకటి తే, పెద్దది వద్దు" అన్నాడు. బీరులో నిమ్మకాయ సోడా లాంటిది సగం కలిపిన రాడ్లర్ తెచ్చిచ్చాను, నేనూ ఒకటి తెచ్చుకున్నాను. అమ్మ నాయిన గ్లాసులోంచి ఒక గుక్క తాగి మొహం చిట్లించి "గిదేం రుచి, ఈతకల్లు నయం" అని పులిహోర పెట్టుకుంది. నాయిన ఆ ఒక్క గ్లాసునీ గంటకి పైగా తాగాడు, మండువలో ఎవరెవరు కూర్చునేవాళ్ళో, ఏ చెట్టు కల్లు ఎట్లా ఉండేదో చెప్తూ. వాటిలో సగం కథలు నేను అప్పటిదాకా విననివే.

హైదరాబాద్‌లో ఇప్పుడు మైక్రోబ్రూవరీలు వచ్చాయి, తాజా బీరు బాగానే ఉంటుంది, కానీ ఆ రేట్లకి మా ఊరివాళ్ళెవరూ లోపలికి అడుగు పెట్టలేరు. నేను అడిగేది చాలా మామూలుది. చెట్టు నీడ, కదలని బల్లలు, ఆడవాళ్ళకి శుభ్రమైన బాత్‌రూమ్, ఇంటి నుంచి గుడాలు తెచ్చుకుంటే కాదనని ఓనర్, చిన్న సీసాలో లైట్ బీరు, దాని పక్కనే పొద్దున దించిన కల్లు, ఇంటికి పోవడానికి ఆటో స్టాండ్, ఇంకా "ఇగ సాలు పో" అనే ధైర్యం ఉన్న మనిషి ఒకరు. లైసెన్స్ ఫీజులు కోట్లలో వసూలు చేసే ప్రభుత్వాలు జిల్లాకి ఒక్కటైనా ఇలాంటిది పెట్టి చూడొచ్చు. మా మండువ దగ్గర స్థలం ఇంకా ఖాళీగానే ఉంది, తాటిచెట్లు మాత్రం సగమే మిగిలాయి.