చార్నోకైట్ ఇంకా గ్యాబ్రోగానే వస్తోంది

పలుచగా అరగదీసిన రాళ్ల స్లైడ్లను సూక్ష్మదర్శిని కింద తీసిన చిత్రాలు చూసి రాయి పేరు చెప్పే కంప్యూటర్ మోడల్‌కు ఇద్దరు మిత్రులూ నేనూ కలిసి శిక్షణ ఇస్తున్నాము. తాజా శిక్షణలో కూడా చార్నోకైట్, అంటే క్వార్ట్జ్, హైపర్‌స్థీన్ ఖనిజాలున్న గ్రానైట్ లాంటి రాయి, దారికి రాలేదు. విశాఖపట్నం, చీమకుర్తి, హైదరాబాదు కంప్యూటర్ల మధ్య ఫ్లవర్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిపిన ఫెడరేటెడ్ శిక్షణ (ఎవరి చిత్రాలు వారి దగ్గరే ఉంచి, మోడల్ నేర్చుకున్న మార్పులను మాత్రమే పంచుకునే పద్ధతి) సజావుగా ముగిసింది. ఖోండలైట్‌నూ గులాబీ గ్రానైట్‌నూ మోడల్ తడబడకుండా గుర్తిస్తోంది. నా దగ్గరున్న 30 మైక్రాన్ల చార్నోకైట్ స్లైడ్ల చిత్రాలలో మాత్రం నూటికి 38 మాత్రమే సరిగా వచ్చాయి. మిగిలినవి దాదాపు అన్నీ చీమకుర్తి గ్యాబ్రో, అంటే బజారులో గెలాక్సీ గ్రానైట్ పేరుతో అమ్ముడయ్యే నల్లరాయి, ఖాతాలో పడ్డాయి.

రెండు రాళ్లలోనూ హైపర్‌స్థీన్ ఉంటుంది కనుక కొంత తికమక సహజమే; తేడా పట్టించేది క్వార్ట్జ్. మొదట నాకు అనుమానం నాయిస్ (గోప్యత కోసం కావాలని కలిపే యాదృచ్ఛిక అంకెలు) మీదే కలిగింది. మిత్రులిద్దరి స్లైడ్లూ వారు పనిచేసే చోటివి, చిత్రాలు గడప దాటకూడదు. అందువల్ల ఒపాకస్ అనే గోప్యతా సాధనంతో గ్రేడియంట్లను (మోడల్‌లో చేయవలసిన మార్పులను చూపే అంకెలను) 1.0 దగ్గర కత్తిరించి, ఎప్సిలాన్ 8కి (ఈ అంకె ఎంత తక్కువైతే గోప్యత అంత ఎక్కువ) సరిపడా నాయిస్ కలిపిన తరువాతే పంపుకుంటున్నాము. చిత్రాలు తక్కువగా ఉన్న వర్గమే ఈ నాయిస్‌కు ఎక్కువ నష్టపోతుందని 2019 నాటి పరిశోధనలోనే తేలింది. మాకు చార్నోకైట్ చిత్రాలే అన్నిటికన్నా తక్కువ.

అయితే విశాఖ మిత్రుడు నాయిస్ పూర్తిగా తీసేసి, తన కంప్యూటర్ మీదనే శిక్షణ ఇచ్చి, నేను పంపిన చిత్రాలతో పరీక్షించి, అంకెలు మాత్రం చెప్పారు: తన స్లైడ్ల మీద 93 శాతం, నా స్లైడ్ల మీద 55. నాయిస్ లేకపోయినా ఇంత తేడా ఉందంటే అసలు జబ్బు వేరే చోట ఉన్నట్టే. క్రాస్ పోలరైజర్ల (ఒకదానికొకటి లంబంగా పెట్టిన రెండు ధ్రువణ ఫిల్టర్ల) మధ్య ఖనిజం చూపే రంగు స్లైడు మందాన్ని బట్టి మారుతుంది. చిత్రం చూసే వీలు లేదు కనుక ఫోనులోనే అడిగాను: "క్రాస్ పోలరైజర్ల కింద మీ క్వార్ట్జ్ ఏ రంగులో కనిపిస్తోందండీ?" "పసుపేనండీ, కొన్ని గింజలు నారింజ వైపు కూడా ఉన్నాయి" అన్నారు.

క్వార్ట్జ్ ద్వివక్రీభవనం (లోపల రెండుగా చీలిన కాంతి కిరణాల వక్రీభవన గుణకాల తేడా) 0.009; 30 మైక్రాన్ల మందంలో ఒక కిరణం రెండో దానికన్నా వెనుకబడేది 270 నానోమీటర్లు, అంటే బూడిద తెలుపు, మహా అయితే గడ్డి రంగు ఛాయ. ఆయన చెప్పిన రంగు రావాలంటే 400 దాటాలి, అంటే స్లైడు మందం 45 మైక్రాన్ల దగ్గర ఉండాలి. సరైన మందంలో హైపర్‌స్థీన్ చూపించే రంగు కూడా, 0.014 చొప్పున, 420 దగ్గరే. పసుపు క్వార్ట్జ్‌నే చార్నోకైట్ గుర్తుగా నేర్చుకున్న మోడల్‌కు నా బూడిద రంగు క్వార్ట్జ్ గ్యాబ్రోలోని ప్లేజియోక్లేజ్ అనే ఖనిజంలా కనిపిస్తోందని నా ఊహ.

స్లైడ్లు మళ్లీ అరగదీయడానికి ఆయనకు అనుమతి లేదు. శిక్షణలో రంగులను యాదృచ్ఛికంగా మార్చి చూస్తే 38 కాస్తా 52 అయింది కానీ, మామూలు ధ్రువిత కాంతిలో హైపర్‌స్థీన్ చూపించే లేత గులాబీ, లేత ఆకుపచ్చ తేడా కొట్టుకుపోయి గ్యాబ్రో దెబ్బతిన్నది. ఈ పద్ధతి రాళ్లకు పనికిరాదని నా అభిప్రాయం. మోడల్ లోపలి అంకెలను ఒక స్థాయికి తెచ్చే బ్యాచ్‌నార్మ్ పొర ఒపాకస్‌కు సరిపడదు; దాని బదులు గ్రూప్‌నార్మ్ పెట్టడం మాత్రం ఇబ్బంది లేకుండా కుదిరింది.

ఇకపై క్రాస్ పోలరైజర్ల చిత్రాలలోని ప్రతి రంగునూ మిషెల్-లెవీ పట్టిక (రంగుకూ నానోమీటర్లకూ లంకె చూపేది) ప్రకారం నానోమీటర్లలోకి మార్చి, స్లైడు మందం మారినట్టుగా 0.7 నుంచి 1.5 రెట్ల వరకు సాగదీసి, తిరిగి రంగుగా మార్చాలని ఉంది. టెన్‌సీల్ అనే సాధనంతో, సమాచారాన్ని విప్పకుండా గుప్తలిపి మీదనే లెక్క చేయించమని చీమకుర్తి మిత్రుడు పట్టుబడుతున్నారు గానీ, అందుకు మోడల్‌లోని రెలూ అనే ప్రమేయాన్ని తీసి వర్గ ప్రమేయం పెట్టే ఓపిక నాకు ప్రస్తుతం లేదు. దానికన్నా ముందు తేల్చవలసినది మరొకటి ఉంది: ఒకే స్లైడు చిత్రం నుంచి 40 ముక్కలు కోస్తున్నప్పుడు ఎప్సిలాన్ 8 కాపాడేది ఒక్క ముక్కనే గాని స్లైడును కాదు. కాబట్టి ఈసారి స్లైడుకు 4 ముక్కలే తీసుకుని, లెక్కను స్లైడు వారీగా వేస్తాము.