అక్వేరియం మార్చేటప్పుడు పైపులు విప్పడం, మళ్లీ బిగించడం

తొట్టె కొత్త చోటికి చేరాక నీళ్లు కారేది చాలామటుకు అతికించిన జాయింట్ల దగ్గర కాదు, పాత రబ్బరు దగ్గర. ఏళ్ల తరబడి ఒకే తీరున నొక్కుకుపోయిన ఓరింగులు, గ్యాస్కెట్లు ఒకసారి కదిలితే మళ్లీ సరిగ్గా కూర్చోవు. అందుకే స్పానర్ పట్టుకోకముందే ప్రతి యూనియన్‌కూ (నట్టుతో విప్పి బిగించే పైపు జాయింట్) కొత్త ఓరింగు, ప్రతి బల్క్‌హెడ్‌కూ (తొట్టె గాజు రంధ్రంలోంచి పైపును బయటికి తెచ్చే ఫిట్టింగ్) కొత్త గ్యాస్కెట్, క్యానిస్టర్ (తొట్టె బయట ఉండే మూసిన డబ్బా ఫిల్టర్) మూతకు ఓరింగు, కాస్త సిలికాన్ గ్రీజు తెచ్చిపెట్టుకోండి. వాజలీన్ మాత్రం వద్దు, దానికి చాలా రకాల రబ్బరు ఉబ్బిపోతుంది.

మొదట ఆపాల్సింది హీటర్‌ను. నీళ్లలోనే అరగంట చల్లారనివ్వండి. వేడి మీదుండగా నీటిమట్టం దిగితే దాని గాజు పగిలే ప్రమాదం ఉంది. సంప్ (తొట్టె కింద ఉండే రెండో నీళ్ల తొట్టె) ఉంటే, అందులో పంపు నడుస్తున్నప్పటి మట్టం దగ్గర మార్కర్‌తో ఒక గీత, పంపు ఆపాక నీళ్లు లేచి ఆగిన చోట మరో గీత గీయండి. తిరిగి నింపేటప్పుడు ఈ రెండు గీతలే ఆధారం. ఫోటోలు తీయండి, ఏ పైపు ఎటు పోతుందో టేపు ముక్క మీద రాసి అంటించండి. నీళ్లను ఒకే దిశలో పోనిచ్చే చెక్ వాల్వ్ మీద బాణం చెరిగిపోయి ఉంటే ప్రవాహం దిశ కూడా రాయాలి.

క్యానిస్టర్ ఫిల్టర్ విప్పేటప్పుడు రెండు వాల్వులూ మూసి, కింద బకెట్ పెట్టుకోవాలి. గట్టిపడిన హోస్‌ను మెలితిప్పి లాగితే విరిగేది హోస్ కాదు, అది తొడిగిన ప్లాస్టిక్ ముక్కు. వేడినీళ్లలో ముంచిన గుడ్డను రెండు మూడు నిమిషాలు చుట్టి చూడండి. అప్పటికీ రాకపోతే హోస్‌ను నిలువునా బ్లేడుతో చీల్చేయడమే మేలు, బ్లేడు ముక్కు మీద గాటు పెట్టకుండా చూసుకోవాలి. హోస్ మళ్లీ వాడేటట్లయితే సాగిపోయిన చివర 2 సెంటీమీటర్లు కోసేయండి.

అతికించిన పీవీసీ పైపు సంగతి వేరు. దాన్ని విప్పడం ఉండదు, కోయడమే. ఎక్కడ కోస్తున్నామన్నదే అసలు ప్రశ్న. ఫిట్టింగ్‌ను ఆనుకుని కోస్తే ఆ ఫిట్టింగ్ ఇక పనికిరాదు. రెండు పైపు ముక్కలను కలిపే కప్లింగ్ లోపలికి పైపు ఎంత దూరుతుందో కనీసం అంత పైపు రెండు వైపులా మిగలాలి. తెగిన చోట కప్లింగ్‌కు బదులు యూనియన్ పెట్టండి, ఇంకోసారి కోయాల్సిన అవసరం రాదు. బల్క్‌హెడ్ నట్టు కదలకపోతే బలం పెట్టేముందు మరలు ఎటు తిరుగుతున్నాయో చూడండి, కొన్నింటికి ఎడమ మరలు (కుడికి తిప్పితే విప్పుకునేవి) ఉంటాయి. తొట్టె అడుగు నుంచి పైపులు వేలాడుతుండగా మాత్రం ఎత్తవద్దు, ఒక్క తగులు తగిలితే పగుళ్లు రంధ్రం అంచు నుంచే మొదలవుతాయి.

ఫిల్టర్‌లోని స్పాంజి, సిరామిక్ రింగులను మూసిన క్యానిస్టర్‌లో వదిలేయకండి. ప్రవాహం ఆగితే లోపల ఆక్సిజన్ తరిగిపోయి, అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా చస్తుంది. తొట్టె నీళ్లు పోసిన బకెట్‌లో వేసి, మూత పెట్టకుండా గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ నడపండి.

బిగించేటప్పుడు బల్క్‌హెడ్ గ్యాస్కెట్ తొట్టె లోపల, బల్క్‌హెడ్ అంచు కింద కూర్చోవాలి, నట్టు బయట ఉండాలి. అందరూ చేసే పొరపాటు దీన్ని తిరగేయడం. గాజు పొడిగా, పాత సిలికాన్ ముక్క కూడా లేకుండా ఉండాలి. చేత్తో బిగించి, ఆపైన పావు చుట్టు చాలు. ఎక్కువైతే గ్యాస్కెట్ పక్కకు జారుతుంది, లేదా గాజే పోతుంది. టెఫ్లాన్ టేప్ మరల మీదే, మూడు నాలుగు చుట్లు, బిగిసే దిశలో చుట్టాలి. ఓరింగు ఉన్న యూనియన్‌కు టేప్ చుడితే లాభం లేదు, నట్టు సరిగా కూర్చోదు. కొత్తగా అతికించిన జాయింట్లకు నీళ్లు తగిలించే ముందు ఒక రోజు ఆరనివ్వండి.

మొదట మట్టి, మొక్కలు, చేపలు లేకుండా ఉత్త నీళ్లతో నింపండి. జాయింట్లన్నీ తుడిచి, ఒక్కోదానికి టిష్యూ చుట్టి ఇరవైనాలుగు గంటలు పంపు నడపండి. కంటికి కనబడని చెమ్మ కాగితం మీద తేలిపోతుంది. కారుతున్న చోట ఇంకా బిగించాలనిపిస్తుంది గానీ, విప్పి, శుభ్రం చేసి, రబ్బరు మార్చడమే సరైన మందు.

సంప్ ఉన్నవాళ్లు ఇంకో పరీక్ష చేయాలి. పంపు ప్లగ్ తీసేసి, పైనుంచి నీళ్లు దిగడం పూర్తిగా ఆగేదాకా చూడండి. సంప్ అంచుకు కనీసం రెండు వేళ్ల ఎడం మిగలాలి. మిగలకపోతే రిటర్న్ పైపులో (సంప్ నుంచి తొట్టెలోకి నీళ్లు తెచ్చేది) నీటిమట్టానికి కాస్త కింద, గాలి పీల్చి నీళ్లు వెనక్కి దిగడం ఆపడానికి ఉండే సైఫన్ రంధ్రం పూడిందేమో చూడండి. చెక్ వాల్వ్‌నే నమ్ముకోవద్దు, చిన్న నత్త ఇరుక్కున్నా అది మూసుకోదు. కొత్త చోట హోస్ పొడవు పెరిగితే ప్రవాహం తగ్గుతుంది, మధ్యలో వేలాడే వంపుల్లో గాలి చిక్కుతుంది, కాబట్టి మిగులు పొడవు చుట్టి పెట్టకుండా కోసేయండి. క్యానిస్టర్‌ను మళ్లీ నడిపేటప్పుడు మొదటి నిమిషం వచ్చే నీళ్లు బకెట్‌లోకి పట్టి పారబోయండి, తొట్టెలోకి వద్దు.