తలుపు తెరిచే చర్చి, తలుపే లేని చర్చి

బెంగళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మీద నాకు ఒక్కటే కోపం. బిడది తట్టె ఇడ్లీని, మద్దూరు వడని రెంటినీ పక్కకు నెట్టేసింది. బిడదికి ముందొక టోలు, శ్రీరంగపట్నం ముందు గణంగూరులో ఇంకో టోలు. మారతహళ్లి, సర్జాపూర్ వైపు నుంచి వచ్చేవాళ్ళు బెంగళూరు బయటి నుంచి పోయే నైస్ రోడ్డు ఎక్కితే దానికి మళ్ళీ వేరే. ఇంతా కట్టి ఇడ్లీ కోసం సర్వీసు రోడ్డులోకి దిగామా, తిరిగి పైకెక్కే సందు కోసం కిలోమీటర్ల కొద్దీ వెతుక్కోవాలి. బైకుల్ని, ఆటోల్ని 2023 ఆగస్టు నుంచి పైకి రానివ్వడం లేదు కాబట్టి బైకువాళ్ళే నయం. కింది రోడ్డున ఊళ్ళన్నీ చూసుకుంటూ, దారిలో కావలసింది తింటూ పోతారు.

ఈ ప్రయాణంలో నేను చూడమనేది రెండు పాత చర్చీలు, ఒకటి గంజాంలో, ఇంకోటి హాసన్ దగ్గర శెట్టిహళ్లిలో. మొదట గంజాం సంగతి. ఒరిస్సా గంజాం కాదు, శ్రీరంగపట్నం దీవికి తూర్పు కొసన ఉన్న ఊరు. టిప్పు వేసవి మహలు దరియా దౌలత్ చూసి, ఆయన సమాధి గుంబజ్ చూసి, సంగమానికి పోయే టూరిస్టు బస్సులన్నీ ఈ దాపుల నుంచే పోతాయి. ఇక్కడ ఆగేవి మాత్రం కనబడవు. 1800లో ఆబె దుబ్వా అనే ఫ్రెంచి ఫాదరు కట్టించిన చర్చి ఉందిక్కడ. మెదక్ చర్చి చూసిన కళ్ళతో వెళ్తే నిరాశే. ఆ ఎత్తు, ఆ రంగుటద్దాలు, ఆ ఆర్భాటం ఏవీ లేవు. 1799లో టిప్పు చనిపోయి పట్నం పడిపోయాక చెల్లాచెదురైన కతోలికుల్ని మళ్ళీ ఒకచోట చేర్చడానికి కట్టుకున్న గుడి. దాని అవసరం అంతే, కొలతా అంతే.

ఆ ఫాదరు మామూలు మనిషి కాదు. 1792లో ఇండియాకు వచ్చాడు. ఇక్కడి బట్టలే కట్టాడు, మాంసం మానేశాడు, ఇక్కడి భాషలు నేర్చాడు. మశూచి టీకా ఇంకా కొత్తగా ఉన్న 1803-04లో ఆయన పూనుకుని 25,432 మందికి టీకాలు వేయించినట్టు లెక్క ఉంది. బతుకుతెరువు పోయినవాళ్ళ కోసం హాసన్ దగ్గర సాతళ్లిలో వ్యవసాయపు కాలనీ పెట్టించాడు. 1823లో తిరిగి ఫ్రాన్సుకు వెళ్ళిపోయాడు. గంజాం చూసినవాళ్ళు హాసన్ వైపు ఎందుకు పోవాలంటే నేను చెప్పే కారణం సాతళ్లే. దీవిలో మొదలైన పని అటువైపు పల్లెల దాకా పాకింది.

ఇలాంటి పల్లెటూరి చర్చి తలుపు టూరిస్టు టైముకు తెరుచుకోదు, పూజ టైముకు తెరుచుకుంటుంది. దీని మీద చాలామంది విసుక్కుంటారు గానీ, టికెట్టు లేని చోట కాపలా మనిషి ఎక్కడి నుంచి వస్తాడు? ఆదివారం పూజ అయిపోయి జనం బయటికి వచ్చే వేళకు చేరుకోవడం అన్నిటికన్నా మేలు. తలుపులు తీసి ఉంటాయి, ఫాదర్ గారు గుమ్మం దగ్గరే ఉంటారు, అడిగితే ఎవరో ఒకరు వెంట తిప్పి చూపిస్తారు. మామూలు రోజుల్లో తాళం కనబడితే తలుపు తట్టొద్దు. పక్కనే ఉండే ఫాదర్ గారి ఇంటికి వెళ్ళి "చర్చ్ ఒళగె నోడబహుదా?" (చర్చి లోపల చూడొచ్చా?) అంటే చాలు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా అసలు అడగొద్దు, అది భోజనం, కునుకు వేళ. గడప బయట చెప్పులు కనబడితే మనమూ విప్పాలి. పీఠం మెట్లు ఎక్కకూడదు. ఫోటోకు ముందే అడగాలి. పెళ్ళి గానీ చావు పూజ గానీ జరుగుతుంటే చూడ్డం ఇంకోరోజుకు వాయిదా. వచ్చేటప్పుడు హుండీలో నూరో రెండొందలో వేస్తే సరి. తాళం తీసిన మనిషి చేతిలో పెట్టబోతే చాలాచోట్ల నొచ్చుకుంటారు.

పాత కట్టడం లోపల నేను ముందు చూసేది పీఠాన్ని కాదు, గోడ అడుగుని. మోకాలి ఎత్తు నుంచి నడుము ఎత్తు దాకా గచ్చు ఉబ్బి, పెళ్ళలు పెళ్ళలుగా రాలుతుంటే అక్కడెవరో సిమెంటు మెత్తారని అనుమానించొచ్చు. ఇటుకా సున్నమూ కలిపి కట్టిన గోడ నేలలోని చెమ్మను పీల్చుకుంటుంది, మళ్ళీ ఒంటినిండా గాలికి ఆరబెట్టుకుంటుంది. దాని మీద అంగుళం మందాన సిమెంటు పూస్తే ఆరడానికి దారి ఉండదు. లోపలి నీళ్ళు ఉప్పును మోసుకుంటూ పైకి ఎగబాకి, సిమెంటు అయిపోయిన చోట బయటపడతాయి. అక్కడ ఉప్పు గడ్డకట్టి ఇటుకను పిండి చేస్తుంది. ఎదురుగా కనబడే మచ్చను చూసి ఇంకో రెండడుగులు పైకి సిమెంటు మెత్తిస్తారు. చెమ్మ ఇంకో రెండడుగులు పైకి పోతుంది. ఈ వైపు పాత చర్చీల్లోనూ, మన పాత గుళ్ళలోనూ నేను చూసిన జబ్బు ఇదే. ఎమల్షన్ రంగులు కూడా అంతే చేస్తాయి. ఏటా పండక్కి వేసే సున్నమే ఆ గోడకు మందు.

శ్రీరంగపట్నం నుంచి పాండవపుర, కె.ఆర్.పేట, చన్నరాయపట్నం మీదుగా హాసన్ చేరొచ్చు. చెరుకు లారీల వెనక పడితే మాత్రం ఓపిక కావాలి. బెంగళూరు నుంచి నేరుగా వచ్చేవాళ్ళకు నెలమంగల, కుణిగల్, చన్నరాయపట్నం దారి ఉంది, మెజెస్టిక్ బస్టాండు నుంచి బస్సులూ ఉన్నాయి. యశ్వంతపూర్ నుంచి శ్రవణబెళగొళ మీదుగా రైలూ వేశారు. హాసన్‌లో రాత్రి బసకు పెద్ద ఇబ్బంది లేదు. అందరూ బేలూరు, హళేబీడు కోసం వచ్చేవాళ్ళే కాబట్టి శెట్టిహళ్లి అనగానే ఆటోవాళ్ళ లెక్క మారుతుంది. ఇరవై కిలోమీటర్ల దారికి, అక్కడ గంట ఆగి తిరిగి రావడానికి, పన్నెండొందలు చెప్పి వెయ్యికి కూడా దిగలేదు. ఊళ్ళోకి బస్సులు తక్కువ, వచ్చేటప్పుడు ఆటో దొరకదు, ఆ సంగతి వాళ్ళకు మనకన్నా బాగా తెలుసు.

శెట్టిహళ్లి రోజరీ చర్చిని 1860ల్లో ఫ్రెంచి మిషనరీలు గోథిక్ పద్ధతిలో కట్టారు. గోరూరు దగ్గర హేమావతి మీద ఆనకట్ట 1979కి పూర్తయింది. ఊరు లేచి పైకి పోయింది, చర్చి నీళ్ళ దారిలో మిగిలిపోయింది. కప్పు లేదు, తలుపులు లేవు, మొనదేలిన కమానులు, ఎత్తైన గోడలు, పీఠం ఉండాల్సిన చోట గుండ్రంగా తిరిగిన గోడ నిలిచి ఉన్నాయి. ఎవరైనా ఎప్పుడైనా లోపలికి పోవచ్చు. జలాశయం ఒప్పుకోవాలంతే.

మనవాళ్ళకు ఇది కొత్త సంగతేం కాదు. శ్రీశైలం నీళ్ళు 840 అడుగుల దరిదాపుల్లోకి దిగితే గానీ సంగమేశ్వరం బయటపడదు. అక్కడ వేపదారు లింగానికి పూజలు చేసుకోవడానికి కర్నూలు జనం పేపర్లో నీటిమట్టం చూసుకుని బయల్దేరతారు. శెట్టిహళ్లికీ అదే పద్ధతి. కన్నడ పేపర్లలో కావేరి జలాశయాల మట్టాలు వేస్తారు. హేమావతి నిండు మట్టం 2922 అడుగులు, నిల్వ 37.1 టీఎంసీలు. పక్కనే కె.ఆర్.ఎస్. (కృష్ణరాజసాగర్) అంకె 124.8 అడుగులు అని చూసి తికమక పడొద్దు. అది ఆనకట్ట దగ్గర కొలిచే లోతు, ఇది సముద్రమట్టం నుంచి లెక్క. జూన్, జూలై వానలకు పైనుంచి వరద మొదలై ఆగస్టు, సెప్టెంబరుకు చర్చి సగానికి పైగా మునుగుతుంది. ఫోటోల్లో కనబడే నీళ్ళ మధ్య చర్చి ఆ రోజులదే. కాలువలకు నీళ్ళు వదిలాక డిసెంబరు నుంచి తగ్గుముఖం పడుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా గోడల చుట్టూ నడిచి తిరగొచ్చు. నా ఓటు ఈ నెలలకే. నీళ్ళలో చూస్తే బొమ్మ బాగుంటుంది, కట్టడం మాత్రం అర్థం కాదు. ఈ నీళ్ళే కిందికి పోయి కె.ఆర్.ఎస్.లో కావేరిని కలిసి గంజాం చుట్టూ తిరిగి పోతాయి.

వానాకాలంలో పుట్టి మీద తీసుకెళ్తామనేవాళ్ళుంటారు. ఎక్కే ముందు లైఫ్ జాకెట్టు అడగండి, లేదంటే దిగిపోండి. జాకెట్టు ఉన్నా సరే, పుట్టిని కమానుల కిందికి పోనివ్వొద్దు. నీళ్ళ అడుగున ఏ రాయి పడి ఉందో తెడ్డు వేసేవాడికీ కనబడదు.

ఎండాకాలంలో ప్రమాదం నీళ్ళది కాదు, బురదది. నీళ్ళు తీసిన నేల పైన పెంకు కట్టి, నెర్రెలు విచ్చి గట్టిగా కనిపిస్తుంది. అరచెయ్యి మందం కింద ఇంకా మెత్తటి ఒండ్రు. మేం వెళ్ళేసరికి బెంగళూరు బండి ఒకటి, పెళ్ళికి ముందు ఫోటోలు తీయించుకునేవాళ్ళది, ముందు చక్రాలు రెండూ సగందాకా దిగబడి ఉంది. డ్రైవరు యాక్సిలరేటరు తొక్కుతున్నాడు. తొక్కేకొద్దీ చక్రం తన గొయ్యి తనే తవ్వుకుంటోంది. పెళ్ళికూతురు గౌను అంచు ఎత్తి పట్టుకుని ఎండలో నిలబడింది. అప్పుడు ఆవుల్ని తోలుకొచ్చిన పెద్దాయన ఒకాయన, మొదట కాసేపు కర్ర మీద ఆనుకుని చూసి, ఆ తర్వాత ఇంజను ఆపమన్నాడు. చక్రాల వెనక బురదను చేత్తోనే వాలుగా తీయించాడు, ముందు వైపు అసలు ముట్టుకోనివ్వలేదు. టైర్లలో గాలి సగం తీయించాడు. చక్రం వెడల్పుగా పరుచుకుంటే దిగబడదని కన్నడంలో కోప్పడుతూనే చెప్పాడు. దగ్గర్లోని మేటు నుంచి రాగి గడ్డి రెండు మోపులు తెప్పించి చక్రాల కింద తొక్కించి, స్టీరింగు తిన్నగా పెట్టి రివర్సులో, వచ్చిన జాడల్లోనే, మెల్లగా రమ్మన్నాడు. నలుగురం బానెట్టు మీద చేతులు వేసి తోశాం. బండి వచ్చేసింది. గడ్డికి డబ్బులిమ్మని ఆయనే అడిగాడు, న్యాయం. "కారు రోడ్డు మీదే పెట్టి నడిచి రావడానికి ఏం రోగం?" అని కూడా అడిగాడు. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆయన్ని నీటి గుర్తు ఎక్కడని అడిగితే కర్రతో గోడ మీద చూపించాడు. గోడ అక్కడ రెండు రంగులుగా ఉంది. పైన నల్లబడిన పాత గచ్చు, కింద ఒండ్రు రంగు. కట్టడానికి నిజమైన దెబ్బ పూర్తిగా మునిగే అడుగు భాగానికి కాదు, ఏటా తడిసి ఏటా ఆరే ఆ నడిమి పట్టీకి. సున్నపు అడుసు నెమ్మదిగా గాలిని పీల్చి రాయిగా మారుతుంది. నెలల తరబడి నీళ్ళలో నానితే అందులోని సున్నం కొద్దికొద్దిగా కరిగి పోతుంది, ఇసుక మిగులుతుంది. ఆ పట్టీలో అతుకు దగ్గర చూస్తే ఇటుకల మధ్య సందులు లోపలికి పోయి, ఇటుక అంచులు బయటికి పొడుచుకుని కనిపిస్తాయి. అతుకులో ఇసుక వేలు తగిలితే రాలుతుంది. చూస్తే చాలు, తగిలించొద్దు.

పైభాగానిది ఇంకో రకం చావు. కప్పు ఉన్నన్నాళ్ళు అది గోడల్ని రెండువైపులా పట్టి ఉంచింది. కప్పు పోయాక ఒక్కో గోడా ఒంటరిగా నిలబడింది, దాని తలమీద వాన నేరుగా లోపలికి దిగుతోంది. రావి మొక్కలు మొలిచిన చోట వేరు లావయ్యే కొద్దీ పగులు విచ్చుకుంటుంది. కమాను నిలబడేదే ఇరువైపులా గోడ అదిమి పట్టడం వల్ల. ఒక పక్క గోడ జారితే కమాను వెంటే పోతుంది. అందుకే కమాను కింద నిలబడి సెల్ఫీ, గోడ ఎక్కి రీలు, రెండూ తెలివితక్కువ పనులే. ఏటా కొంత రాలుతున్న కట్టడం ఇది. నీళ్ళు దిగిన మొదటి వారాల్లో, గోడలు ఇంకా లోపల తడిగా బరువుగా ఉన్నప్పుడు, దూరం నుంచే చూడడం మంచిది.

లోపల గోడల నిండా పేర్లు, బాణం గుచ్చిన గుండెలు. మేకుతో గీశారు, బొగ్గుతో రాశారు. తెలుగులో కూడా ఉన్నాయి, చదివి తల దించుకోవాల్సి వచ్చింది. గచ్చు మీద గీసిన ప్రతి గీతా నీళ్ళు దూరడానికి ఒక సందు. బీరు సీసాల సంగతి చెప్పనక్కర్లేదు.

ఇంక సరంజామా. నీడ లేదు, బాత్రూం లేదు, తాగునీళ్ళు లేవు, కనీసం టీ కొట్టు కూడా నాకు కనబడలేదు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, టోపీ, పట్టు ఉన్న బూట్లు. పొద్దున ఎనిమిదిలోపు చేరితే ఎండ, ఫోటోవాళ్ళు రెండూ తప్పుతాయి. శెట్టిహళ్లికి శని ఆదివారాలు వీలైతే వద్దనే చెప్తాను. కానీ గంజాం తలుపు తెరిచి ఉండేది ఆదివారం, కాబట్టి వరస తిప్పుకోండి. శుక్రవారం రాత్రికి హాసన్, శనివారం పెందలాడే శెట్టిహళ్లి, ఆ మధ్యాహ్నం హాసన్ నుంచి శ్రీరంగపట్నం, ఆదివారం పొద్దున్న గంజాం. తిరుగు ప్రయాణంలో ఆదివారం సాయంత్రం నాలుగు దాటితే కెంగేరి దగ్గర అంతా ఇరుక్కుంటారు. గంజాంలో భోజనం పెట్టుకోకుండా బయల్దేరి, మండ్య దాటాక సర్వీసు రోడ్డులోకి దిగి, మద్దూరులో ఆగండి. వడ వేడిగా ఉంటేనే తీసుకోండి, పొట్లాం కట్టి అద్దాల వెనక పెట్టింది వద్దు.