ఆనవాలు ఎవరి దగ్గర ఉంది?

ఏడాది కాలంగా నేను ఒక చారిత్రక నవల రాస్తున్నాను. అందులో కథానాయిక ఇరవై ఏళ్ల అనాథ యువతి. ఆమె 1778 నాటి లండన్‌లో ఒక సంపన్నుల ఇంట పనిమనిషిగా ఉంటూ, తనను కన్నవాళ్లెవరో తెలుసుకోవడానికి బయలుదేరుతుంది. ఇలాంటి కథలు రాసేవాళ్లు సాధారణంగా చేసే పనే నేనూ చేశాను: మొదటి అధ్యాయంలోనే ఆమె మెడలో సగానికి విరిచిన వెండి నాణెం ఒకటి వేలాడదీసి, రెండో సగం ఎవరి దగ్గర ఉందో కనిపెట్టడమే కథ అనుకున్నాను. మూడు అధ్యాయాలు పూర్తయిన తరువాత గానీ ఆమె పెరిగిన సంస్థ ఎలా నడిచేదో శ్రద్ధగా చదవలేదు. (చదివి రాయవలసినదానిని రాసి చదివాను.) ఆ చదువు ఒక కొలిక్కి వచ్చేసరికి నాణెంతోపాటు మూడు అధ్యాయాలూ చెత్తబుట్టలో పడ్డాయి.

ఆ సంస్థ పేరు ఫౌండ్లింగ్ హాస్పిటల్. పేరులో హాస్పిటల్ ఉన్నా అది వైద్యశాల కాదు, కన్నవాళ్లు పెంచలేక విడిచిన పసిపిల్లలకు ఆశ్రయం. థామస్ కోరమ్ అనే ఓడ కెప్టెన్ లండన్ దారుల పక్కన దిక్కులేక పడివున్న పసికందులను చూసి తట్టుకోలేక, ఏళ్ల తరబడి గొప్పవాళ్ల గడపలు తొక్కి, చివరకు 1739లో రెండవ జార్జి రాజు నుంచి అనుమతి పత్రం సంపాదించాడు. 1741 మార్చి 25 రాత్రి మొదటి పిల్లలను చేర్చుకున్నారు. వచ్చే తల్లులు ఎక్కువ, ఉన్న చోటు తక్కువ కావడంతో మరుసటి ఏడాది ఒక పద్ధతి పెట్టారు. తల్లి సంచిలో చేయి పెట్టి ఒక బంతి తీయాలి. తెల్లది వస్తే, బిడ్డకు జబ్బేమీ లేదని తేలితే, చోటు దొరికినట్టే. నల్లది వస్తే బిడ్డను ఎత్తుకుని వచ్చిన దారినే వెళ్లిపోవాలి. ఎర్రది వస్తే మాత్రం అక్కడే కాచుకుని ఉండాలి, తెల్ల బంతి తీసిన ఇంకొక తల్లి బిడ్డకు జబ్బుందని తేలితేనే ఆ చోటు తన బిడ్డకు దక్కుతుంది.

నా కథానాయిక తల్లి ఆ సంచిలో చేయి పెట్టవలసిన అవసరం రాలేదు. 1756 జూన్ నుంచి 1760 మార్చి వరకు పార్లమెంటు డబ్బిచ్చి, తెచ్చిన ఏ పసిబిడ్డనూ కాదనకూడదని షరతు పెట్టింది. నా నాయిక పుట్టిన 1758 ఆ కాలంలోనిదే. ఆ నాలుగేళ్లలోపే దాదాపు 15 వేల మంది పిల్లలు వచ్చిపడ్డారు. వాళ్లలో సుమారు మూడింట రెండు వంతుల మంది చనిపోయారు. కాబట్టి నా నాయిక ఇరవై ఏళ్లు బతికి ఉండడమే కథలో మొదటి అరుదైన సంఘటన అవుతుంది, ఆ సంగతి ఆమెకు కూడా తెలిసి ఉండాలి.

ఇక నన్ను నిలువునా ఆపేసిన విషయం చెబుతాను. బిడ్డను తీసుకున్నప్పుడు గుమాస్తా తల్లి పేరు అడిగేవాడు కాదు. ఒక అచ్చు కాగితం మీద తేదీ, ఆడో మగో, ఒంటి మీద ఉన్న బట్టలు, పుట్టుమచ్చల వంటి గుర్తులు రాసుకుని, బట్టలోంచి కత్తిరించిన చిన్న ముక్కనో, తల్లి ఇచ్చిన నాణేన్నో, రిబ్బనునో దానికి గుచ్చి, కాగితం మడిచి, లక్క ముద్ర వేసి, నంబరు ప్రకారం భద్రపరిచేవారు. బిడ్డకు కొత్త పేరు పెట్టి బాప్టిజం ఇచ్చేవారు. తల్లి ఎప్పుడైనా తిరిగి వచ్చి, ఫలానా రోజున ఫలానా గుడ్డముక్కతో వదిలానని చెప్పగలిగితే, అప్పుడు ఆ కాగితం విప్పి పోల్చి చూస్తారు.

శకుంతల ఉంగరం విని పెరిగిన మనకు ఆనవాలంటే గుర్తింపు కోరే మనిషి చేతిలో ఉండవలసిన వస్తువు. ఇక్కడ అది ఆ మనిషి కంటికే కనబడదు. తన తాలూకు కాగితానికి గుచ్చిన గుడ్డముక్క ఒకటి ఉన్నదని కూడా ఆ పిల్లకు తెలియదు. వెతకడానికి దారి తల్లి వైపు నుంచి మాత్రమే ఉంది, కూతురి వైపు నుంచి లేదు. కనుక మెడలో నాణెంతో తిరిగే నా నాయిక, ఎంత అందంగా రాసినా, అబద్ధమే.

పోనీ, తల్లి వైపు దారి అయినా నడిచిందా అంటే, 1741 నుంచి 1760 వరకు చేరిన 16,282 మందిలో కన్నవాళ్లు తిరిగి తీసుకువెళ్లినది 152 మందినే. తరువాతి కాలంలో శారా బెండర్ అనే తల్లి ఉంది. 1767లో కొడుకును వదిలినప్పుడు, రంగురంగుల గుడ్డముక్కలు కలిపి కుట్టి, ఎర్రదారంతో హృదయం బొమ్మ వేసిన ఒక పీలికను రెండుగా కత్తిరించి, ఒక సగం అక్కడ ఇచ్చి రెండో సగం తన దగ్గర ఉంచుకుంది. 1775లో వచ్చి కొడుకును తీసుకువెళ్లింది. ఆ ఎనిమిదేళ్లూ ఆ సగం పీలికను ఆమె ఎక్కడ దాచుకుని ఉంటుందోనన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలలేదు.

కానీ నేను రాస్తున్నది శారా కథ కాదు. కూతురి వైపు నుంచి ఏ దారీ లేకపోతే నవల ఎలా నడుస్తుందని దిగులుపడుతున్న సమయంలో, అప్పటిదాకా పట్టించుకోకుండా దాటేసిన ఇంకొక రిజిస్టరు గుర్తుకు వచ్చింది. చేర్చుకున్న పసిపిల్లలను లండన్‌లో ఉంచకుండా, సర్రే, కెంట్ వంటి ప్రాంతాల పల్లెల్లో పాలిచ్చే దాదుల దగ్గరకు పంపేవారు. సుమారు అయిదేళ్ల వయసు వచ్చాక బండిలో తిరిగి తెప్పించేవారు. అంటే ఆ పిల్ల అమ్మ అని పిలిచిన మనిషి ఒకరు ఉన్నారు, ఆ మనిషి పేరూ ఊరూ ఏ లక్క ముద్రా లేని పుస్తకంలో ఉన్నాయి. పెంచిన బిడ్డను వదలలేక, తరువాత అప్రెంటిస్‌గా తమ ఇంటికే తెచ్చుకున్న కుటుంబాలు కూడా ఉన్నాయి. కన్నతల్లి కోసం బయలుదేరిన నా నాయిక, తాను నిజంగా పోగొట్టుకున్న ఇల్లు అదేనేమోనని ఏ పేజీలో గ్రహించాలన్నదే ఇప్పుడు నా ముందున్న పని. ఆ గ్రహింపు ఆలస్యంగా రావాలి. ఆమె మొండిది.

కొత్తగా రాసిన నాలుగో అధ్యాయంలో ఆమె సర్రే దారిలో నడిచి వెళ్లి ఒక పల్లె చేరుకుంది. ఆ ఇంట పాలు తాగి వెళ్లిపోయిన పిల్లలు ఎందరో ఉంటారు, పదిహేనేళ్లు గడిచిపోయాయి, చూపించడానికి ఆమె దగ్గర ఆనవాలేదీ లేదు. తలుపు తెరిచిన ముసలావిడతో ఆమె ముందుగా ఏ మాట అంటుందో రెండు వారాలుగా నాకు తోచడం లేదు.