షట్టర్‌కి రెండు తాళాలు, కంప్యూటర్‌కి షాపు పేరే పాస్‌వర్డు

పోయినేడు శ్రావణమాసంలో ఒక సోమవారం పొద్దున షాపు తెరిచి, అగరొత్తులు వెలిగించి, కంప్యూటర్ ఆన్ చేస్తే మా లెక్కలన్నీ ఉండే ట్యాలీ సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. ఫోల్డర్‌లోకి వెళ్లి చూస్తే ప్రతి ఫైలు పేరు చివరా ఏవో పిచ్చి అక్షరాలు, పక్కనే ఒక నోట్‌ప్యాడ్ ఫైలు, అందులో మీ డేటాకి తాళం వేశాం, కావాలంటే ఈ మెయిల్‌కి రాయండి అని ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు. ఇలా ఫైళ్లకి తాళం వేసి డబ్బు గుంజేదాన్ని రాన్సమ్‌వేర్ అంటారట. మాది విజయవాడ వన్ టౌన్‌లో ఎలక్ట్రికల్ హోల్‌సేల్ షాపు. మొత్తం ఏడుగురం, రెండు కంప్యూటర్లు. మన జోలికి ఎవడొస్తాడులే అనే ధీమాతోనే అన్నాళ్లూ బతికాను.

ఎలా వచ్చిందో తర్వాత తెలిసింది. 2020 లాక్‌డౌన్‌లో అకౌంటెంట్ ఇంటి నుంచి ట్యాలీ చూసుకోవడానికి రిమోట్ డెస్క్‌టాప్, అంటే షాపు కంప్యూటర్‌ని దూరం నుంచి వాడే ఏర్పాటు, పెట్టించాం, అప్పుడు కంప్యూటర్లు చూసే కుర్రాడు దానికోసం రౌటర్‌లో 3389 పోర్టు, అంటే బయటి నుంచి లోపలికొచ్చే దారి, తెరిచి వెళ్లాడు. లాక్‌డౌన్ పోయింది, అకౌంటెంట్ షాపుకొచ్చేశాడు, ఆ తలుపు మాత్రం అలాగే బార్లా తెరిచి ఉంది. ఇలా తెరిచిన పోర్టుల కోసం ఇంటర్నెట్‌లో రాత్రీ పగలూ వెతికే ప్రోగ్రాములుంటాయట, ఒకటి కనబడితే చాలు పాస్‌వర్డులు వరసపెట్టి కొట్టి చూస్తాయి. మా పాస్‌వర్డు షాపు పేరు, ఎట్ గుర్తు, 123. వాటికి పెద్ద కష్టమేం అయి ఉండదు.

నాకు బాగా సిగ్గేసింది ఎక్కడంటే, మా షట్టర్‌కి రెండు తాళాలు, మూడు జతల తాళంచెవులు, ఏది ఎవరి దగ్గరుందో నాన్నని నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. గుమాస్తా ఒకతను మానేసినప్పుడు తాళంచెవి చేతిలో పడ్డాకే జీతం లెక్క తేల్చాడు. అదే గుమాస్తాకి షాపు జీమెయిల్ తెలుసు, ట్యాలీ పాస్‌వర్డు తెలుసు, మా వాట్సాప్ వెబ్ అతని ల్యాప్‌టాప్‌లో లాగినై ఉంది. అవి ఎవరూ అడగలేదు. పాపం అతను మంచివాడే, అది వేరే సంగతి.

బ్యాకప్ లేదా అంటారేమో, ఉంది. పెన్‌డ్రైవ్‌లో. ఆ పెన్‌డ్రైవ్ నెలల తరబడి అదే కంప్యూటర్‌కి గుచ్చి ఉంది కాబట్టి ట్యాలీతో పాటు అదీ పోయింది.

డబ్బు కట్టలేదు. కడితే ఫైళ్లు ఇస్తాడని నమ్మకమేంటి? సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం. ఇలాంటివి జరిగితే 6 గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి కూడా తెలియజేయాలని 2022 నుంచే ఆదేశం ఉంది, మా బజార్లో ఆ పేరు విన్నవాళ్లు నాకైతే కనబడలేదు. యూరోపోల్ వాళ్లు, నెదర్లాండ్స్ పోలీసులు మరికొందరితో కలిసి 2016లో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ అనే సైటుంది, కొన్ని రకాల వైరస్‌లకి విరుగుడు అందులో ఉచితంగా దొరుకుతుంది. మాకు తగిలిన రకానికి లేదు.

ఇక లెక్కలు మళ్లీ కట్టుకోవాల్సిందే. మార్చి నెలాఖరు డేటా ఆడిటర్ గారి దగ్గరుంది. ఏప్రిల్ నుంచి జీఎస్టీ నంబరున్న పార్టీలకి వేసిన బిల్లులు మేం దాఖలు చేసిన అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో నుంచి, కొనుగోళ్లు మాకు అమ్మినవాళ్ల రిటర్నులని బట్టి జీఎస్టీ పోర్టల్ ఇచ్చే 2బీ స్టేట్‌మెంట్‌లో నుంచి తీశాం. కౌంటర్ అమ్మకాలకి టోటల్ తప్ప వివరం లేదు. అసలు తలనొప్పి వసూళ్లది, బ్యాంకులో పడినవి స్టేట్‌మెంట్‌లో దొరికాయి గానీ నగదు సంగతేంటి? దానికి నాన్న చిట్టా పుస్తకమే దిక్కైంది. ఈ కాలంలో ఇంకా ఇదెందుకు నాన్నా అని ఆయన్ని ఎన్నిసార్లు ఏడిపించానో. 18 రోజులు పట్టింది, ఆ 18 రోజులూ ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, తిట్టినా బాగుండేది.

తర్వాత కొన్నదల్లా రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు. ఒకటి షాపులో, బ్యాకప్ అయ్యే పావుగంట మాత్రమే తగిలిస్తాం, శనివారం సాయంత్రం దాన్ని ఇంటికి పంపి ఇంట్లోది షాపుకి తెస్తాం. నెలకోసారి అందులోంచి ట్యాలీ డేటాని వేరే కంప్యూటర్లో రిస్టోర్ చేసి చూస్తాను, మొదటిసారి చూసినప్పుడు ఖాళీ ఫోల్డర్ వచ్చింది! పోర్టు మూయించాం. ట్యాలీలో ఎవరి లాగిన్ వాళ్లది, ఎవరైనా మానేస్తే అదే రోజు తీసేస్తాం. కంపెనీల నుంచి మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై ఇందులో వేయండి అని మెయిలొస్తే ఆ మెయిల్లో ఉన్న నంబరుకి కాదు, మన దగ్గర ముందు నుంచీ ఉన్న నంబరుకే ఫోన్ చేయాలి. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్ ఎక్కించేది), అది పెళ్లి శుభలేఖైనా చలానా అయినా, తెరవకూడదు.

ఓటీపీ అలవాటు మాత్రం తొందరగా మారలేదు. 2025 ఏప్రిల్ నుంచి, సరుకు పంపేటప్పుడు ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లుకి అందరికీ ఓటీపీ తప్పనిసరి చేశారు, లాగిన్ నా ఫోన్ నంబరు మీద ఉంది, నేను మందుల షాపులో ఉన్నా పెళ్లిలో ఉన్నా గోడౌన్ నుంచి ఫోన్, సార్ ఓటీపీ వచ్చింది చెప్పండి అని. ఫోన్లో ఓటీపీ గట్టిగా చదివి చెప్పడం మనకి అంత మామూలైపోతే రేపు ఇంకెవడో అడిగినా నోరు దానంతటదే చెప్పేస్తుంది. పోర్టల్‌లోనే సబ్ యూజర్, అంటే మన ఖాతా కిందే ఇంకో లాగిన్, పెట్టి గోడౌన్ కుర్రాడి నంబరు ఇస్తే ఓటీపీ అతనికే పోతుంది. ఇది తెలియడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ఇంకో కంప్యూటర్ సంగతి మిగిలే ఉంది. అది విండోస్ 10, దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. మార్చేద్దామంటే దానికున్న పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కొత్త కంప్యూటర్‌తో కలవట్లేదు, ఆ మూడు కాపీల బిల్లు లేకపోతే లారీ ఆఫీసువాళ్లు ఒప్పుకోరు. ప్రస్తుతానికి దాని నెట్ కేబుల్ పీకేసి బిల్లులు కొట్టుకోవడానికే వాడుతున్నాం. కేబుల్ చుట్టి గల్లాపెట్టెలో పెట్టి తాళం వేశాను, ఆ తాళంచెవి నాన్న దగ్గరుంది.